రాకీ కడుపు, అబ్బాయి పంపిన పొడి, అమ్మ కలిపే పెరుగన్నం

వనస్థలిపురం నుంచి ఒక పెద్దాయన రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఒక్కగానొక్క కొడుకు డల్లాస్‌లో ఉద్యోగం వచ్చి వెళ్తూ, తను పిల్లప్పటి నుంచి పెంచిన నాలుగేళ్ళ లాబ్రడార్ రాకీని అమ్మానాన్నల దగ్గర వదిలి వెళ్ళాడు. వానాకాలంలో పిడుదులు పట్టి రాకీకి టిక్ ఫీవర్ వచ్చింది. డాక్టరు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ 28 రోజులు వాడమన్నారు. రెండో వారంలో విరేచనాలు మొదలైతే ఐదు రోజులు మెట్రోనిడజోల్ అనే ఇంకో యాంటీబయోటిక్ ఇచ్చారు. జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, విరేచనాలు మాత్రం ఆగలేదు. ఆరు వారాలుగా రెండు రోజులు బాగుంటే మూడు రోజులు పలచగా పోతోంది. తిండి తింటోంది, ఆడుతోంది, కానీ 32 కిలోల బరువు 30కి వచ్చింది.

అప్పటి నుంచి ఇంట్లో తలా ఒక వైద్యం. అబ్బాయి స్నేహితుడి చేత అమెరికా నుంచి ప్రోబయోటిక్ (పేగుకి మేలు చేస్తాయనే బ్యాక్టీరియా) పొడి పాకెట్లు పంపించాడు. ఒక్కో దాంట్లో 10 కోట్ల సజీవ బ్యాక్టీరియా ఉంటుందని దానిమీద రాసి ఉందట. పెట్ షాపు కుర్రాడు ఇంకేదో పేస్టు అంటగట్టాడు. షాద్‌నగర్ దగ్గర కోళ్ళ ఫారం ఉన్న బావమరిది దాణాలో కలిపే పొడి ఓ డబ్బా తెచ్చి, "మా కోళ్ళకి పనిచేసింది కుక్కకెందుకు పనిచేయదు బావా" అన్నాడు. ఈయన భార్యకు ఇవేవీ నచ్చవు. ఏ కడుపుకైనా పెరుగన్నమే మందని ఆమె నమ్మకం. మాత్రలు కూడా పెరుగన్నం ముద్దలో పెట్టే మింగించారు. అబ్బాయి రోజూ వీడియో కాల్ చేసి "పొడి వేశారా? ఫొటో పెట్టండి" అంటాడు. మొన్న విసుగొచ్చి "మీకు చేతకాకపోతే చెప్పండి, బోర్డింగ్‌లో పెడతాను" అన్నాడట. ఆ మాటకి వాళ్ళమ్మ అతనితో మాట్లాడటం మానేసింది. ఈ పొడి నిజంగా పనిచేస్తుందా, పెరుగు చాలదా, బయటి బ్యాక్టీరియా వేసి రాకీ సొంత బ్యాక్టీరియాని పాడు చేస్తున్నామా, వీళ్ళిద్దరి మధ్య తానేం చేయాలి అన్నవి ఆయన అడిగిన ప్రశ్నలు.

నమస్కారమండీ.

ముందుగా మీ శ్రీమతి గారికి ఒక మాట చెప్పండి. అరవై దాటిన వయసులో అర్ధరాత్రి లేచి కుక్కను కిందకి తీసుకెళ్ళి, పొద్దున్నే ఫినాయిల్ పెట్టి బాల్కనీ కడుక్కునే మనిషిని చేతకానివాళ్ళు అనడం ధర్మం కాదు. మీ ఉత్తరంలో నిర్లక్ష్యం అనదగ్గది నాకేమీ కనిపించలేదు. కనిపించిందల్లా ఒకే పేగులోకి నలుగురు నాలుగు రకాలవి ఒకేసారి పంపడం. అబ్బాయి పొడి, షాపు పేస్టు, కోళ్ళ పొడి, పెరుగు, వీటితో పాటు మధ్యలో మారిన దాణా. మంచి రోజు వస్తే దేనివల్లో, చెడ్డ రోజు వస్తే దేనివల్లో ఇప్పుడు మీరే కాదు, ఏ డాక్టరూ చెప్పలేరు.

కోళ్ళ సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే మీ బావమరిది అన్న మాటలోనే అసలు విషయం ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు. 1973లో ఫిన్లాండ్‌లో నుర్మి, రాంటాలా అనే శాస్త్రవేత్తలు అప్పుడే పొదిగిన కోడిపిల్లలకి పెద్ద కోళ్ళ పేగుల్లోని బ్యాక్టీరియా తాగించి చూశారు. ఆ పిల్లలు సాల్మొనెల్లా అనే చెడ్డ బ్యాక్టీరియాని చాలా బాగా తట్టుకున్నాయి. కారణం తేలికే. ఇంట్లో పొదిగిన పిల్ల తల్లి వెనకాల తిరుగుతూ, తల్లి రెట్ట పడిన నేలలో ఏరుకు తింటూ బ్యాక్టీరియా తెచ్చుకుంటుంది. హ్యాచరీలో పొదిగిన పిల్లకి తల్లే ఉండదు. పేగు దాదాపు ఖాళీ. ముందు ఎవరొస్తే వాళ్ళదే చోటు. మంచివి ముందు చేరితే చెడ్డవాటికి తావుండదు. 2006 జనవరి నుంచి యూరప్‌లో కోళ్ళూ పశువులూ పెరగడానికి దాణాలో యాంటీబయోటిక్ కలపడం పూర్తిగా నిషేధించాక ఈ పద్ధతికి గిరాకీ ఇంకా పెరిగింది. దాణా గుళికలు చేసేటప్పుడు వేడి తగులుతుంది కాబట్టి కోళ్ళకి ఎక్కువగా బాసిల్లస్ జాతివి వాడతారు. అవి గట్టి పెంకులాంటి స్పోర్ రూపంలో ఉండి ఆ వేడికి చావవు.

రాకీ పరిస్థితి వేరు. నాలుగేళ్ళ కుక్క పెద్దపేగులో ఒక్క గ్రాములోనే వంద కోట్ల నుంచి పదివేల కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటుంది. మొత్తం పేగుకి లెక్క కడితే పాకెట్లోని 10 కోట్లు ఏ మూలకి? పొద్దున తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో కిటకిటలాడే సిటీ బస్సులోకి ఇద్దరు ఎక్కినట్టే. కూర్చోవడానికి సీటు దొరకదు, నాలుగు స్టాపులు నిలబడి దిగిపోతారు. కుక్కల్లో చేసిన చాలా పరీక్షల్లో తేలింది ఇదే. పొడి వేసినన్నాళ్ళు మలంలో ఆ బ్యాక్టీరియా కనిపిస్తుంది, ఆపాక కొన్ని రోజుల్లోనో ఒకటి రెండు వారాల్లోనో మాయమవుతుంది. పేగులో స్థిరపడదు.

అలాగని దండగ అనేయకండి. ఉన్న నాలుగు రోజుల్లోనే అవి కొంత పని చేస్తాయి. లాక్టిక్ ఆమ్లం లాంటివి విడుదల చేసి పేగులో ఆమ్లగుణం పెంచుతాయి, కొన్ని చెడ్డ జాతులకి అది పడదు. కొన్ని రకాలు పోటీ బ్యాక్టీరియాని అణిచే పదార్థాలు చేస్తాయి. పేగు గోడలోని రోగనిరోధక కణాలను కదిలిస్తాయి. మరి ఫలితం? అది రకాన్ని బట్టీ జంతువుని బట్టీ మారుతుంది. బైఫిడోబాక్టీరియం అనిమాలిస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకాన్ని ఉన్నట్టుండి విరేచనాలు పట్టుకున్న కుక్కలకి ఇస్తే సగటున 3.9 రోజుల్లో తగ్గాయి, బ్యాక్టీరియా లేని ఉత్త పొడి ఇచ్చినవాటికి 6.6 రోజులు పట్టింది. ఇది 2009 నాటి మాట. 2019లో అమెరికాలో 60 కుక్కల మీద చేసిన ఇంకో పరీక్షలో ఒక గుంపుకి ప్రోబయోటిక్, ఒక గుంపుకి మెట్రోనిడజోల్, ఒక గుంపుకి ఉత్త పొడి ఇచ్చారు. మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఎక్కువ కుక్కలు ఏం చేసినా చేయకపోయినా వారం లోపే కుదురుకున్నాయి. మీ పాకెట్ మీద పేరున్న ఎంటరోకాకస్ ఫీసియం అనే బ్యాక్టీరియాని జంతు సంరక్షణ కేంద్రంలోని పిల్లులకీ కుక్కలకీ ఇచ్చి చూస్తే, పిల్లుల్లో రెండు రోజులు, ఆపైన సాగే విరేచనాలు తగ్గాయి, కుక్కల్లో తేడా కనిపించలేదు.

ఈ పరీక్షలన్నీ నాలుగైదు రోజుల విరేచనాల గురించో, మామూలుగా ఉన్న జంతువుల గురించో అని గమనించండి. రాకీది ఆరు వారాల బాధ. మూడు వారాలు దాటితే పశువైద్యులం దాన్ని దీర్ఘకాలిక సమస్య కింద లెక్కేస్తాం, కారణం వెతుకుతాం. అప్పుడు ఏ పొడి వేయాలన్న ప్రశ్న వెనక్కి పోయి, ఎందుకు తగ్గడం లేదన్నది ముందుకొస్తుంది.

మీరడిగిన మూడో ప్రశ్న, సొంత బ్యాక్టీరియా పాడవుతుందా అన్నది, చాలామందికి తట్టదు. మీకు తట్టినందుకు సంతోషం. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థ వాళ్ళు మనుషుల మీదా ఎలుకల మీదా ఒక పరిశీలన చేశారు. యాంటీబయోటిక్ వాడాక 11 రకాల ప్రోబయోటిక్ మిశ్రమం తీసుకున్నవాళ్ళలో సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం, ఏమీ తీసుకోనివాళ్ళకంటే ఆలస్యమైంది. కుక్కల్లోనూ అచ్చం అలాగే జరుగుతుందని దీన్ని పట్టుకుని చెప్పేయలేం, రాకీకి వేస్తున్నది ఆ మిశ్రమమూ కాదు. కానీ యాంటీబయోటిక్ తర్వాత ఎంత ఎక్కువ ప్రోబయోటిక్ వేస్తే అంత మంచిదన్న ధీమా మాత్రం వద్దని దీన్నిబట్టి తెలుస్తోంది. ఒకేసారి మూడు రకాలు వేయడం నాకు అసలు ఇష్టం లేదు.

అసలు దెబ్బ మందుల వల్లే తగిలి ఉండొచ్చు. మెట్రోనిడజోల్ రెండు వారాలు ఇచ్చిన ఆరోగ్యవంతమైన కుక్కల్లో, మందు ఆపిన నాలుగు వారాల తర్వాత కూడా కొన్నిటికి పేగు బ్యాక్టీరియా పూర్వస్థితికి రాలేదని 2020లో తేలింది. బాగా తగ్గినవాటిలో క్లాస్ట్రిడియం హిరనోనిస్ ఒకటి. ఇది పిత్తరసంలోని ఆమ్లాలను రూపం మార్చే బ్యాక్టీరియా. ఇది లేకపోతే ఆ ఆమ్లాలు మారకుండా పెద్దపేగులోకి చేరి నీరు లాగుతాయి, మలం పలచబడుతుంది. బజారులో మామూలుగా దొరికే పాకెట్లలో ఈ బ్యాక్టీరియా ఉండదు. రాకీ వాడింది ఐదు రోజులే అయినా, దాని చుట్టూ నాలుగు వారాల డాక్సీసైక్లిన్ ఉంది. ఆ మందులు తప్పని మాత్రం అనుకోకండి. టిక్ ఫీవర్‌కి డాక్సీసైక్లిన్ ఇవ్వకపోతే ప్రాణం మీదకి రావచ్చు.

ఇక్కడ పెరుగన్నం గురించి ఒకటి చెప్పాలి. మీ శ్రీమతి గారు నొచ్చుకోకూడదు, ఎందుకంటే ఇది మందు ఇచ్చేటప్పుడే ఆమెకి చెప్పాల్సిన సంగతి. పాలు, పెరుగుల్లోని కాల్షియం డాక్సీసైక్లిన్‌ని పట్టుకుని ఒంటికి పట్టనీయకుండా కొంత అడ్డుపడుతుంది. రాకీకి జ్వరం తగ్గి ప్లేట్‌లెట్లు పెరిగాయంటే మందు పనిచేసిందనే అర్థం. అయినా ఒకసారి రక్తపరీక్ష మళ్ళీ చేయించండి. ఇకపై ఎప్పుడైనా ఆ మాత్ర వేయాల్సి వస్తే ఉత్త అన్నం ముద్దలో పెట్టి, పెరుగు రెండు మూడు గంటలు ఆగి పెట్టండి.

మరి పెరుగు ప్రోబయోటిక్ కాదా? బ్యాక్టీరియా ఉంది, బతికే ఉంది. కానీ 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ పిలిపించిన నిపుణులు పెట్టిన నిర్వచనం ప్రకారం తగినంత మోతాదు ఉండాలి, మేలు జరగాలి. ఇంటి తోడులో ఏ రకం ఎంత ఉందో ఎవరూ లెక్కపెట్టలేదు, అది రోజుకో తీరుగా ఉంటుంది. పెద్దకుక్కల్లో పాల చక్కెరను అరిగించే శక్తి తక్కువ. పెరుగులో పాలకంటే ఆ చక్కెర తక్కువే అయినా గిన్నెడు పెరుగు కలిపితే కొన్నిటికి విరేచనం పెరుగుతుంది. రెండు చెంచాలు ఏ కుక్కనీ చంపవు. రాకీకి విరేచనాలు నిలిచాక ఆమె మళ్ళీ పెట్టుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఖచ్చితంగా వద్దు, తాలింపు పెట్టిన మన దద్దోజనం. అందులో ఉల్లి, వెల్లుల్లి ఏది పడ్డా కుక్క రక్తకణాలకి చేటు.

ఇక కోళ్ళ పొడి డబ్బా ఈరోజే బావమరిదికి తిరిగి ఇచ్చేయండి. దాని మోతాదు కోళ్ళకి లెక్కగట్టింది, దాంట్లో ఇంకేం కలిపారో మనకి తెలియదు. షాపు పేస్టు కూడా ఆపండి. కెనడాలో 2011లో జంతువుల కోసం అమ్మే 25 ప్రోబయోటిక్‌లను పరీక్షిస్తే, లేబుల్ సరిగ్గా ఉండి దానిమీద చెప్పినన్ని సజీవ బ్యాక్టీరియా ఉన్నవి రెండే తేలాయి. అబ్బాయి పంపినది కొంత నయం, జాతి పేరూ లెక్కా రాసి ఉన్నాయి. కానీ పాకెట్లు స్టవ్ పక్క అలమరలో పెట్టామన్నారు. అక్కడి నుంచి తీసేయండి. దానిమీద ఏ ఉష్ణోగ్రతలో ఉంచమని రాసి ఉందో, గడువు తేదీ ఎప్పుడో భూతద్దం పెట్టయినా చదవండి. ఏళ్ళ తరబడి రికార్డులు చూసిన మీకు అదేం కష్టం కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను.

అన్నీ ఆపేసి రెండు వారాల పాటు ఒకటే తిండి పెట్టడం ఒక దారి. దీర్ఘకాలిక విరేచనాలున్న కుక్కల్లో సగానికి పైగా తిండి మారిస్తేనే కుదురుకుంటాయి, తేడా మామూలుగా రెండు వారాల్లోనే తెలుస్తుంది. డాక్టరు రాసిచ్చే ప్రత్యేకమైన దాణా పెట్టొచ్చు. లేదంటే రాకీ ఇంతవరకు పెద్దగా తినని ఒక మాంసమో చేపో అన్నంతో కలిపి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి పెట్టొచ్చు. రెండు వారాలకి ఇంటివంట సరిపోతుంది, నెలలకైతే పోషకాలు చాలవు. దీనిలో చిక్కేమిటంటే ఇల్లంతా కట్టుబడి ఉండాలి. పక్కింటి పిల్లలు బిస్కెట్ పెట్టినా లెక్క తప్పుతుంది. అబ్బాయి పొడి కూడా ఇందులో కుదరదు. ఆ పొడులకి కుక్కలు ఎగబడి తినడానికి చాలావాటిలో చికెన్ లివర్ లాంటి వాటి సారం కలుపుతారు. రాకీకి పడనిది చికెనే అయితే, వైద్యం పేరుతో రోజూ అదే పెడుతున్నట్టు అవుతుంది.

అబ్బాయి మాట మన్నించి ఆ ఒక్క పొడినే మూడు నాలుగు వారాలు వేసి, మిగతావన్నీ ఆపి చూడటం ఇంకో దారి. ఆరోగ్యంగా ఉన్న పెద్దకుక్కకి దీనివల్ల ప్రమాదం చాలా తక్కువ, మహా అయితే గ్యాస్. స్టెరాయిడ్ మాత్రలు ఏమైనా వాడుతుంటే మాత్రం డాక్టరుని అడగకుండా వేయొద్దు. ఇంట్లో గొడవ చల్లారుతుంది. కానీ తగ్గితే పొడి వల్ల తగ్గిందా, మందుల దెబ్బ నుంచి పేగే తేరుకుందా అన్నది తెలియదు. తగ్గకపోతే ఇంకో నెల పోతుంది, బరువు ఇంకా పోవచ్చు.

ముందు పరీక్షలు చేయించడం మూడోది. నా మొగ్గు దీనివైపే, ఆ తగ్గిన రెండు కిలోల వల్ల. మూడు రోజుల మలం నమూనాలు చూడాలి. జియార్డియా లాంటి పరాన్నజీవులు రోజూ కనిపించవు, ఒక్కరోజు పరీక్షలో లేదని వచ్చినంత మాత్రాన లేనట్టు కాదు. కొంకి పురుగులు మన దగ్గర మామూలే. రక్తంలో ప్లేట్‌లెట్లు, ప్రోటీన్, బి12 విటమిన్ చూడాలి. పేగు చాన్నాళ్ళు బాగోకపోతే బి12 పడిపోతుంది, అప్పుడు అది విడిగా ఇవ్వకపోతే తిండీ పొడీ సరిగా పనిచేయకపోవచ్చు. ఖర్చవుతుంది, తిప్పట అవుతుంది, కొన్నిసార్లు అన్నీ మామూలుగా ఉన్నాయని రిపోర్టు వస్తుంది. అలా వచ్చినా నష్టం లేదు. ఆ మర్నాటి నుంచి నిశ్చింతగా తిండి మార్పు మొదలుపెట్టొచ్చు. పొడి అప్పటిదాకా పక్కన ఉంచి, తిండితో కొంత మెరుగై ఆగిపోతే అప్పుడు కలిపి చూడొచ్చు. నేనైతే ఈ వరసలో వెళ్తాను. మీ ఓపిక, మీ ఖర్చు తెలిసినవారు మీరు, నిర్ణయం మీది.

వీటిలో దేనికీ ఆగకూడని పరిస్థితులున్నాయి. మలంలో రక్తం పడినా, తారులా నల్లగా వచ్చినా, వాంతులు పట్టుకున్నా, ఒక రోజంతా తిండి ముట్టకపోయినా, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మనుషులకి వాడే మోషన్లు కట్టే మాత్ర సొంతంగా వేయొద్దు.

ఇక అబ్బాయి సంగతి. అతను అన్న మాట తప్పే. కానీ ఎనిమిది వేల మైళ్ళ అవతల కూర్చుని తన కుక్క చిక్కిపోవడం ఫోన్‌లో చూస్తున్న కుర్రాడికి చేయడానికి మిగిలిన పని ఆ పొడి పంపడం ఒక్కటే. అందుకే పాకెట్ చింపిన ఫొటో అంత పట్టుబట్టి అడుగుతున్నాడు. అతనికి వేరే పని ఇవ్వండి. పరీక్షల ఖర్చు తను పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి, మీ పెన్షన్ డబ్బులుండగా అతనివి ఎందుకని మొహమాటపడకండి. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు వీడియో కాల్ కలిపి అతని అనుమానాలు అతన్నే అడగమనండి. మీ నోటి మీదుగా వెళ్తే మీరు పొడికి అడ్డుపడుతున్నట్టు వినిపిస్తుంది, డాక్టరు నోట వింటే ఆ బాధ ఉండదు. రాకీ తిండి మీ శ్రీమతి గారి చేతుల్లోనే ఉంటుందని, రెండు వారాలు దాంట్లో ఎవరూ వేలు పెట్టొద్దని అతని ఎదుటే చెప్పండి. ఆమెకి కావలసింది ఆ మాత్రం నమ్మకమే అనుకుంటున్నాను. కొడుకు క్షమాపణ చెప్పేదాకా మాట్లాడనని ఆమె అంటే తొందరపెట్టకండి. వాళ్ళిద్దరి మధ్య మాటలు మోయడం మాత్రం మానేయండి.

బోర్డింగ్ మాట మళ్ళీ వస్తే కోపం లేకుండా ఒక్క సంగతి చెప్పండి. చోటు మారిన బెంగకే చాలా కుక్కలకి విరేచనాలు పట్టుకుంటాయి. ఇప్పటికే పేగు బాగోలేని రాకీని కొత్త చోట, కొత్త తిండితో, పది కుక్కల మధ్య పెడితే ఇంకా ముదురుతుంది. విరేచనాలు తగ్గాక, మీకు నిజంగా ఓపిక లేదనిపిస్తే, అప్పుడు ముగ్గురూ కూర్చుని ఆలోచించుకోవచ్చు.

రోజూ పంపే ఫొటో బదులు ఒక నోటుబుక్ పెట్టండి. మలానికి 1 నుంచి 7 దాకా మార్కులేసే పద్ధతి ఒకటి డాక్టర్లందరికీ తెలుసు. 1 అంటే రాయిలా గట్టిగా, 7 అంటే నీళ్ళలా. 2, 3 ఉంటే బాగున్నట్టు. తేదీ, మార్కు, ఎన్నిసార్లు వెళ్ళింది, ఏం తిన్నది రాయండి. వారానికోసారి బరువు చూడండి. మీరు రాకీని ఎత్తుకుని మిషన్ ఎక్కే సాహసం చేయొద్దు, క్లినిక్‌లో నేలమీద పెట్టే పెద్ద తూకం ఉంటుంది. ఆదివారం ఆ పేజీ ఫొటో తీసి డల్లాస్ పంపండి.

మీ దగ్గరి డాక్టరు ఈ పరీక్షలన్నీ చేయించలేనంటే రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆస్పత్రికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ నోటుబుక్, టిక్ ఫీవర్ అప్పటి రక్తపరీక్ష కాగితాలు, వాడిన మందుల చీటీలు, ఒక ఖాళీ పొడి పాకెట్, ఆ పొద్దుటి మలం మూత గట్టిగా ఉన్న డబ్బాలో తీసుకెళ్ళండి.